కార్డు దాచుకున్నారు సరే, జాబితాలో పేరుందా? విశాఖలో మీ ఓటు నిలబెట్టుకోవడం ఎలా

2024 మే 13. సింహాచలం చందనోత్సవం అయిన మూడు రోజులకు పోలింగు వచ్చింది. ఆ పొద్దున కంచరపాలెం వైపు ఒక బడిలో పెట్టిన బూత్ దగ్గర నేను వరసలో నిలబడి ఉండగా, నా ముందున్న పెద్దావిడను లోపలి నుంచి వెనక్కి పంపేశారు. నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషి. ఓటరు కార్డును తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చుకుంది. "కార్డుంది కదా బాబూ, ఓటు లేదంటారేటి?" అని గుమ్మం దగ్గరే నిలబడి అడుగుతోంది. రెండేళ్ల కిందట ఆ పేటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఆరిలోవ వెళ్లిపోయిందట. పాత ఇంట్లో మనిషి లేదని ఇక్కడ పేరు తీసేశారు. ఆరిలోవలో కొత్తగా ఎవరూ రాయలేదు, రాయించుకోవాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. రెండు ఆటోలు మారి, ఆ పూట పని మానుకుని వచ్చి, ఓటు వేయకుండానే వెళ్లిపోయింది.

అప్పటి నుంచి మా వీధిలో ఆదివారాలు కూర్చుని ఇరుగుపొరుగు వాళ్ల ఫారాలు నింపుతున్నాను. అలా తెలుసుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీకోసం చదవండి. మీ ఇంట్లో పనిచేసే అక్కకోసం, మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కోసం, సైటులో మీతో పాటు సిమెంటు మోసే అన్నకోసం కూడా చదవండి.

ముందుగా ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి. ఓటు హక్కు ఉండేది కార్డులో కాదు, జాబితాలో. కార్డు మీరెవరో చెబుతుంది, అంతే. శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు 1993లో ఈ ఫోటో కార్డులు మొదలయ్యాయి. అంతకుముందు నాలుగు దశాబ్దాలు జనం కార్డు లేకుండానే ఓటు వేశారు. ఇప్పటికీ జాబితాలో పేరుండి కార్డు పోయినవాళ్లు ఓటు వేయవచ్చు. కార్డుండి జాబితాలో పేరు లేనివాళ్లు వేయలేరు. బూత్ దగ్గర ఏడ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకం.

మొదటి పని: పేరు వెతకడం

ఎన్నికలు దగ్గర పడ్డాక చూద్దాంలే అనుకోకండి. ఈ వారమే చూడండి. ఫోన్ ఉంటే ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ఎన్నికల సంఘం సైటులో కార్డు నంబరు కొట్టి వెతకవచ్చు. కార్డు లేకపోతే పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు ఇచ్చి చూడవచ్చు. ఫోన్ చేసి అడగాలంటే 1950 నంబరు ఉంది. ఇవేవీ కుదరకపోతే మీ వార్డు సచివాలయానికి వెళ్లి "మా బూత్ బీఎల్ఓ ఎవరు?" అని అడగండి. బీఎల్ఓ అంటే మీ బూత్ జాబితా చూసుకునే మనిషి. సచివాలయం ఉద్యోగో, అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో అయి ఉంటారు. వాళ్ల ఫోన్ నంబరు రాసుకోండి. ఈ మొత్తం వ్యవహారంలో పేదవాడికి అన్నిటికన్నా పనికొచ్చేది ఆ ఒక్క నంబరే.

వెతికేటప్పుడు మన ఉత్తరాంధ్ర పేర్లతో ఒక చిక్కుంది. అప్పలనరసమ్మ అని పిలిచే మనిషి జాబితాలో ఎ.నరసమ్మ అయి ఉండొచ్చు. పైడితల్లి, పైడిరాజు, అప్పలకొండ లాంటి పేర్లను ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ఇంటిపేరు ముందుంటుందో, వెనకుంటుందో, అసలుండదో చెప్పలేం. ఒకసారి రాకపోతే నాలుగు రకాలుగా కొట్టి చూడండి. అయినా దొరక్కపోతే మీ బూత్ జాబితా పూర్తిగా తీసుకుని, మీ వీధి పేరున్న పేజీలు వేలు పెట్టి చదవండి. మా వీధిలో ముగ్గురికి "ఓటు గల్లంతు" అనుకున్నాం. ఇద్దరి పేర్లు తప్పు అక్షరాలతో అక్కడే ఉన్నాయి.

పేరు కనబడగానే మూడు సంగతులు రాసి పెట్టుకోండి: నియోజకవర్గం, భాగం నంబరు, వరస నంబరు. విశాఖలో నియోజకవర్గాల హద్దు ఒక్కోచోట ఒక్క రోడ్డే. తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం, గాజువాక, భీమిలి అన్నీ ఊళ్లో కలిసిపోయి ఉంటాయి. రోడ్డు దాటి ఇల్లు మారితే ఓటు కూడా మారాల్సి రావచ్చు. పెందుర్తి వాళ్లయితే ఇంకో సంగతి: అసెంబ్లీకి పెందుర్తి, పార్లమెంటుకు అనకాపల్లి.

పేరు లేకపోతే, లేదా ఉన్నచోట లేకపోతే

ఇక్కడ ఫారాల గొడవ వస్తుంది. భయపడక్కర్లేదు. మీకు కావలసింది రెండింటిలో ఒకటి. ఎప్పుడూ ఓటు లేనివాళ్లకు, పేరు పూర్తిగా తీసేసినవాళ్లకు ఫారం 6. ఎక్కడో ఓటు ఉండి ఇల్లు మారినవాళ్లకు, పేరులోనో వయసులోనో తప్పులున్నవాళ్లకు, కార్డు పోయినవాళ్లకు ఫారం 8. ఇల్లు మారినప్పుడు ఫారం 6 వేస్తే రెండు చోట్ల పేరు పడుతుంది. ఒక మనిషికి రెండు చోట్ల ఓటు ఉండటం చట్టం ఒప్పుకోదు. ఫారంలో అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడే వీలుంది. చదువురాని మనిషి చేత ఎవరో తప్పు ఫారం మీద వేలిముద్ర వేయిస్తే ఆ ఇబ్బంది వేలిముద్ర వేసిన మనిషికే. అందుకే సంతకం పెట్టే ముందు అది ఎన్నో నంబరు ఫారమో అడగండి.

మురికివాడ తీసేసి మధురవాడ వైపు జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం ఇళ్లలోకి పంపినవాళ్లు, ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్లకు వెళ్లినవాళ్లు ఈ ఫారం 8 విషయం గట్టిగా పట్టుకోవాలి. ఇల్లు ఇచ్చిన ఆఫీసు మీ ఓటును తనంతట తాను మార్చదు. ఇంటి కాగితం చేతికి వచ్చిన రోజునే ఫారం 8 కూడా వేసేయండి. నియోజకవర్గం మారినా మీ కార్డు నంబరు మారదు, అదే నంబరుతో కొత్త చిరునామా కార్డు వస్తుంది.

పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండాయా అని చూడటానికి ఒకప్పుడు జనవరి 1 ఒక్కటే లెక్కగా ఉండేది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తాయి. పదిహేడు దాటితే ముందుగానే ఫారం ఇచ్చి పెట్టుకోవచ్చు.

ఫారం 6కి ఫోటో, పుట్టిన తేదీకి ఒక కాగితం, చిరునామాకు ఒక కాగితం కావాలి. పుట్టిన తేదీకి ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పుట్టిన సర్టిఫికెట్, తేదీ ఉన్న పది లేక ఇంటర్ సర్టిఫికెట్, పాస్‌పోర్టులో ఏదైనా చాలు. పేదవాళ్లకు గండి పడేది చిరునామా దగ్గర. ఫారంలో చెప్పినవి ఇవి: ఆ ఇంటికి వచ్చే కరెంటు, నీళ్లు, గ్యాస్ బిల్లు, ఆధార్, బ్యాంకు లేక పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, భూమి కాగితం, రిజిస్టరు అయిన అద్దె ఒప్పందం, సొంత ఇల్లయితే రిజిస్టరు అయిన సేల్ డీడ్. రెండు గదుల ఇంటికి రిజిస్టరు చేసిన అద్దె కాగితం ఇచ్చే యజమాని విశాఖలో ఎవరున్నారు? కరెంటు మీటరు యజమాని పేరు మీద. ఆధార్‌లో చిరునామా చీపురుపల్లి దగ్గరి ఊరిది. రైస్ కార్డు ఆ కాగితాల్లో లేనే లేదు. ఇలా దారులన్నీ ఒకేసారి మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

వదిలేయకండి. దారులున్నాయి.

అన్నిటికన్నా తేలిక పాస్‌బుక్. జన్‌ధన్ ఖాతా అయినా, పోస్టాఫీసు పొదుపు ఖాతా అయినా సరే, బ్రాంచికి వెళ్లి ఇప్పటి చిరునామా మార్పించుకోండి. గ్యాస్ కనెక్షన్ మీ పేరు మీద ఉంటే దాని బిల్లు కూడా పనికొస్తుంది. ఇంట్లో ఇప్పటికే ఒకరికి అదే చిరునామాలో ఓటు ఉంటే ఫారంలో వాళ్ల పేరు, మీకు ఏమవుతారో, వాళ్ల కార్డు నంబరు రాయండి. అందుకు ఫారంలోనే గడి ఉంది. కుటుంబమంతా ఒకే బూత్‌లో పడటానికి అది సాయపడుతుంది.

ఇవేవీ లేకపోతే? ఫారం 6లో ఒక వీలుంది, దాన్ని చాలామంది చదవరు. చెప్పిన కాగితాలు ఏవీ లేనివాళ్లు వేరే ఏ కాగితమైనా ఇవ్వవచ్చు. అప్పుడు అధికారి మనిషిని పంపి కచ్చితంగా విచారించాలి. అంటే కాగితం లేదన్న ఒక్క కారణంతో ఫారాన్ని కౌంటరు దగ్గరే తిప్పి పంపకూడదు. "విచారణకు రండి, ఇక్కడే ఉంటున్నాను" అని చెప్పే హక్కు మీకుంది.

ఇల్లే లేనివాళ్ల సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. ఆర్టీసీ కాంప్లెక్స్ పరిసరాల్లో, పూర్ణా మార్కెట్ అరుగుల మీద, ఫ్లైఓవర్ల కింద పడుకునేవాళ్లు కూడా ఓటర్లే. వాళ్లు ఎక్కడ పడుకుంటారో ఆ చోటే ఫారంలో చిరునామా. బీఎల్ఓ రాత్రి పూట, ఒక్క రాత్రి కాదు, ఒకటి కంటే ఎక్కువ రాత్రులు వచ్చి ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడా అని చూడాలి. పడుకుంటున్నట్టు తేలితే ఇంకే చిరునామా కాగితం అడగనక్కర్లేదు. ఇది ఎన్నికల సంఘం పెట్టిన నియమమే. మీకు అలాంటి మనిషి ఎవరైనా తెలిసి ఉంటే, దయచేసి ఫారం మీరే నింపి, బీఎల్ఓ వచ్చే రాత్రి మీరూ అక్కడ ఉండండి. ఒంటరిగా ఉన్న మనిషి "వీడెవడో" అయిపోతాడు. పక్కన ఒకరు నిలబడితే పేరున్న మనిషి అవుతాడు.

డోర్ నంబరు లేని పాకల వాళ్లు కూడా ఆగిపోకండి. పక్కనున్న గుడి, బోరు, అంగన్‌వాడీ, కొండ మీదకు వెళ్లే మెట్లు, ఇలా గుర్తు రాయండి. జాబితాలో ఇలాంటి ఇళ్లకు ఊహా నంబర్లు వేసే పద్ధతి ఉంది.

ఆధార్ ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. ఫారంలో ఆధార్ నంబరుకు గడి ఉంది, పక్కనే "నాకు ఆధార్ లేదు" అనే గడి కూడా ఉంది. ఆధార్ తప్పనిసరి కాదని ఎన్నికల సంఘమే 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఉంటే ఇవ్వండి, పని తేలికవుతుంది. లేకపోతే ఓటు రాదని ఎవరైనా అంటే నమ్మకండి.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికి వచ్చి ఇక్కడ ఉండిపోయినవాళ్లకు ఒక మాట. ఊళ్లో ఉంచుకోవాలా, ఇక్కడికి తెచ్చుకోవాలా అనేది మీ జీవితం ఎక్కడుందో దాన్నిబట్టి తేల్చుకోండి. కొన్ని నెలలు పనికి వచ్చినంత మాత్రాన ఊళ్లో ఓటు పోదు, తాత్కాలికంగా బయటికి వెళ్లిన మనిషిని అక్కడి నివాసిగానే చట్టం చూస్తుంది. కానీ పిల్లలు ఇక్కడి బడిలో చదువుతూ, సంక్రాంతికి మాత్రమే ఊరెళ్తుంటే ఓటు ఇక్కడికి మార్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మీ వీధి కాలువ, మీ పంపులో నీళ్లు, మీ పిల్లల బడి తేల్చేది ఇక్కడి కార్పొరేటరూ ఎమ్మెల్యేనూ. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ వార్డుల జాబితాలు కూడా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతాయి. పైగా పోలింగు నాడు ఊరెళ్లే బస్సు చార్జీ, రెండు రోజుల కూలి ఎవరిస్తారు? ఎవరైనా ఇస్తామంటే ఎందుకిస్తున్నారో మీకు తెలుసు.

ఫారం ఇచ్చాక ఊరుకోకండి

ఫారానికి ఫీజు లేదు. కానీ పేదవాడికి అసలు ఖర్చు ఫీజులో ఉండదు, పోయే రోజు కూలిలో ఉంటుంది. అడ్డా మీద నిలబడే మనిషి ఒక పూట ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ పూట పొయ్యి వెలగదు. ఈ సంగతి ఫారాలు తయారుచేసేవాళ్లకు తెలియాలని నా కోరిక. కాబట్టి తిరగడం తగ్గించుకోవడానికి ఇలా చేయండి. ఫారం నేరుగా బీఎల్ఓ చేతికి ఇవ్వండి, లేదా ఫోన్‌లో సైటు ద్వారా వేయండి. బీఎల్ఓ చేతికి ఇస్తే ఫారం కింద చింపి ఇచ్చే రసీదు తప్పకుండా తీసుకోండి. ఫోన్‌లో వేస్తే వచ్చిన నంబరు గోడ మీద రాసిపెట్టుకున్నా సరే, పోగొట్టుకోవద్దు. విచారణకు బీఎల్ఓ ఎప్పుడు వస్తారో ఫోన్ చేసి అడగండి. మీరు పనిలో ఉండి తలుపు తాళం వేసి ఉంటే "మనిషి లేడు" అని రాసుకుని వెళ్లిపోతారు. పక్కింటివాళ్లకు చెప్పి పెట్టండి.

మాకు తెలిసిన ఒక జాలరి కుటుంబానికి ఇదే జరిగింది. పెదజాలరిపేట వాళ్లు. బోటు మీద వెళ్లినవాళ్లు మూడు నాలుగు రోజులకు గానీ ఒడ్డుకు రారు. విచారణకు వచ్చినప్పుడల్లా మగవాళ్లు సముద్రంలో ఉన్నారు, ఫారాలు పక్కన పడ్డాయి. తర్వాత చేపల వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు కట్టేసి ఉన్నప్పుడు మళ్లీ వేయించాం. అందరూ ఇంట్లోనే ఉన్నారు, పని జరిగింది. మీ పనికి ఖాళీ కాలం ఏదో చూసుకుని, ఓటు పని ఆ కాలంలో పెట్టుకోండి.

ఎన్నికల తేదీ వచ్చాక పరుగెత్తితే లాభం ఉండదు. నామినేషన్ల చివరి రోజు దాటాక జాబితాలో ఒక్క పేరు కూడా చేరదు. ఫారం విచారణకు టైం పడుతుంది కాబట్టి అంతకు పది రోజుల ముందే ఇచ్చి ఉండాలి. 2024లో నామినేషన్లకు ఆఖరి రోజు ఏప్రిల్ 25, పోలింగు మే 13. మైకులు మోగడం మొదలయ్యే సరికే తలుపు మూసుకుపోయింది.

ఫారం కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. పదిహేను రోజుల్లోగా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే ముప్పై రోజుల్లోగా రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి. మన కలెక్టరాఫీసు మహారాణిపేటలో ఉంది, కేజీహెచ్‌కు దగ్గరే.

పేరు తీసేస్తామని కాగితం వస్తే

ఫారం 7 అనేది పేరు తీయించడానికి వేసేది. చనిపోయినవాళ్ల పేర్లు, ఊరు విడిచినవాళ్ల పేర్లు తీయడానికి అది అవసరమే. కానీ ఎవరో మీ మీద వేయవచ్చు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఫారం 7లు గుట్టలుగా పడ్డాయి, తప్పుడు దరఖాస్తుల మీద పోలీసు కేసులు కూడా పెట్టారు. మీకు తెలుసుకోవలసింది ఒక్కటే: మీ మాట వినకుండా మీ పేరు తీయకూడదు. నోటీసు రావాలి, విచారణ జరగాలి. పౌరసత్వం మీద అనుమానం పెట్టి పేర్లు తీసేసే విషయంలో సుప్రీంకోర్టు 1995లోనే ఈ మాట గట్టిగా చెప్పింది. నోటీసు వస్తే దాన్ని పొయ్యిలో పడేయకండి, టెన్షన్ పడి దాచేయకండి. చెప్పిన రోజున మీ కార్డు, ఒక చిరునామా కాగితం, పక్కింటివాళ్లను ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి.

2025లో బీహార్‌లో జరిగింది మనం గుర్తుంచుకోవాలి. అక్కడ ప్రత్యేక సమగ్ర సవరణ చేశారు, అందరూ సర్ (ఎస్‌ఐఆర్) అంటున్నది అదే. ముందు 7.89 కోట్ల పేర్లు ఉన్న జాబితా, ఆగస్టు 1న ముసాయిదా వచ్చేసరికి 7.24 కోట్లు అయింది. సుమారు 65 లక్షల పేర్లు లేవు. అందులో చనిపోయినవాళ్లు, వలస పోయినవాళ్లు ఉన్నారు. అక్కడే ఉన్నా పేరు పోయిందన్నవాళ్లూ ఉన్నారు. మొదట అడిగిన 11 పత్రాల్లో ఆధార్ లేదు, సుప్రీంకోర్టు జోక్యం తర్వాత సెప్టెంబరులో దాన్ని పన్నెండోదిగా చేర్చారు. అక్కడ పాత జాబితాలో తమ పేరో, తల్లిదండ్రుల పేరో చూపించగలిగినవాళ్లకు పని తేలికయింది. అందుకని మీ అమ్మానాన్నల పాత ఓటరు కార్డులు, పాత స్లిప్పులు ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉంటే పారేయకండి.

పోలింగు రోజు ఏది తీసుకెళ్లాలి

జాబితాలో పేరుండి ఓటరు కార్డు చేతిలో లేకపోతే వీటిలో ఏదో ఒకటి చాలు: ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేక పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, పాస్‌పోర్టు, ఫోటో ఉన్న పెన్షన్ పత్రం, కేంద్ర కార్మిక శాఖ పథకం కింద ఇచ్చిన ఆరోగ్య బీమా స్మార్ట్ కార్డు, ప్రభుత్వ ఉద్యోగి గుర్తింపు కార్డు, దివ్యాంగుల యూడీఐడీ కార్డు. మరో రెండు కూడా ఉన్నాయి గానీ మన పేటల్లో ఎవరి దగ్గరా ఉండేవి కావు. 2024లో ఒప్పుకున్న పన్నెండు ఇవే. ఒరిజినల్ తీసుకెళ్లండి, జిరాక్సు మీద ఆధారపడకండి.

పాస్‌బుక్ చూసుకోండి. చాలా జన్‌ధన్ పాస్‌బుక్కుల్లో ఫోటో ఉండదు. ఫోటో అంటించి ముద్ర వేయమని బ్రాంచిలో ముందే అడగండి. రైస్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు బూత్‌లో పనికిరావు. ఇంటికి పంచే ఓటరు స్లిప్పు కూడా ఒంటరిగా పనికిరాదు. 2019 నుంచి దాన్ని గుర్తింపుగా తీసుకోవడం మానేశారు. అది మీ వరస నంబరు చూసుకోవడానికి మాత్రమే.

వేరే నియోజకవర్గంలో ఇచ్చిన పాత ఓటరు కార్డు ఉన్నా, ఈ బూత్ జాబితాలో పేరుంటే గుర్తింపుగా చెల్లుతుంది. పేరులో ఒక అక్షరం తేడా ఉందని పంపేయకూడదు, మనిషి మీరేనని తెలిస్తే చాలు. ఫోటో అసలు పోలకపోతే మాత్రం పైన చెప్పిన వాటిలో ఇంకొకటి చూపించాలి. అందుకే రెండు కార్డులు జేబులో పెట్టుకుని వెళ్లండి.

మీ కార్డు గానీ ఆధార్ గానీ ఏ పార్టీ మనిషికీ ముందు రోజు ఇవ్వకండి. "రేపు ఇచ్చేస్తాం" అన్నవాళ్లు ఇవ్వకపోతే ఎవరిని అడుగుతారు?

పోలింగు రోజు కూలిపనివాళ్లకు కూడా జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం. ఇవ్వని యజమానికి 500 రూపాయల దాకా జరిమానా. గాజువాక ఆటోనగర్ షెడ్లలో, షాపుల్లో, హోటళ్లలో చేసేవాళ్లు ఈ మాట ధైర్యంగా అడగండి. అడ్డా కూలీలకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఈ చట్టం వల్ల ఒరిగేది తక్కువ, అడగడానికి యజమాని ఎవరని? ఇళ్లలో పని చేయించుకునే అమ్మగార్లకు నా మనవి: ఆ రోజు సెలవు మీరే చెప్పి ఇవ్వండి, డబ్బు కోయకండి. 2024లో మన దగ్గర పోలింగు పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా జరిగింది. ఏడుకు ముందే వరసలో ఉంటే ఎండ తప్పుతుంది, సగం పూట పనైనా దొరుకుతుంది. సాయంత్రం పని నుంచి వచ్చేవాళ్లు ఆరు కొట్టేలోగా వరసలో చేరితే చాలు. వరసలో ఉన్న చివరి మనిషి దాకా ఓటు వేయనివ్వాలి.

చూపు లేనివాళ్లు, నడవలేనివాళ్లు పద్దెనిమిదేళ్లు దాటిన ఒక మనిషిని తోడు తీసుకెళ్లవచ్చు. 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది. దానికి ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా ఫారం 12డి ఇవ్వాలి.

బూత్ లోపల తేడా వస్తే

"మీరు ఇల్లు మారినట్టు రాసి ఉంది" అనవచ్చు. ఇంట్లో లేనివాళ్లు, మారిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు అని వేరే పట్టీ ఒకటి ఉంటుంది. అందులో ఉన్నా మీ పేరు అసలు జాబితా నుంచి పోలేదు. గుర్తింపు చూపించి, సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేసి ఓటు వేయవచ్చు. "బతికే ఉన్నాను, ఇదిగో కార్డు" అని బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారితోనే మాట్లాడండి, ఏజెంట్లతో వాదన పెట్టుకోకండి.

"మీ ఓటు వేసేశారు" అంటే మాత్రం ఇంటికి రాకండి. మీరు అసలు ఓటరని తేలితే మీకు టెండర్ ఓటు ఇవ్వాలి. అది మిషన్ మీద ఉండదు, కాగితం బ్యాలెట్ మీద ఉంటుంది. పేరు, సంతకం తీసుకుని కవరులో వేరుగా పెడతారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు, కానీ మీ పేరున దొంగ ఓటు పడిందన్నది అధికారిక కాగితంలోకి ఎక్కుతుంది. రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తే అదే సాక్ష్యం. "టెండర్ ఓటు కావాలి" అనే మూడు మాటలు నేర్చుకుని వెళ్లండి.

ఆ పెద్దావిడకు ఆరిలోవలో ఫారం 6 వేయించాం. పాత పేరు పూర్తిగా తీసేశారు కాబట్టి ఫారం 8 పనికిరాలేదు. పాస్‌బుక్‌లో చిరునామా మార్పించడానికి రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది. కొత్త కార్డు పోస్టులో ఇంటికే వచ్చింది. ఆవిడ అదే పాత కవరులో పెట్టుకుంది. ఇప్పుడు ఆ కవరులో కార్డుతో పాటు భాగం నంబరు, వరస నంబరు, బీఎల్ఓ ఫోన్ నంబరు రాసిన చీటీ కూడా ఉంది. ఏటా ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మనవడి చేత ఆ చీటీ చూసి పేరు వెతికిస్తోంది.